చెవికి మెదడు చెప్పే మాట

శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతుందని అందరికీ తెలుసు. మెదడు నుంచి చెవి వైపు కూడా నిరంతరం ఆదేశాలు దిగివస్తుంటాయని కోతులపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ తిరుగు దారి గాడి తప్పితే మనిషికి తన మాటే పరాయి గొంతులా వినిపించవచ్చు.

పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత మార్మోసెట్ కోతికి అతికినట్టు సరిపోతుంది. ఈశాన్య బ్రెజిల్ అడవుల్లో పుట్టిన ఈ ప్రాణి మూడు నాలుగు వందల గ్రాముల బరువుంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ తోటి కోతి కనుచూపు దాటిందంటే చాలు, ఈలలాంటి సన్నని కేక పెడుతుంది. ఒక్కో కేక సెకనుకు పైగా సాగుతుంది. కేక వేశాక ఆగి చెవులు రిక్కిస్తుంది. అవతలి నుంచి బదులు వచ్చాకే మళ్లీ కేక. ఒకరు పలుకుతుంటే మరొకరు వినే ఈ మర్యాద మన టీవీ చర్చల్లో కూడా కనిపించదు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ ఎలియాడెస్, షియావోచిన్ వాంగ్ ఈ కేకలనే పరిశోధనకు ఆసరా చేసుకున్నారు. వారి ప్రశ్న సూటిగా ఉంది. కోతి కేక వేసినప్పుడు అది అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా దాని చెవుల్లోనే పడుతుంది. అప్పుడు శబ్దాలను గుర్తించే మెదడు భాగంలోని నాడీకణాలు ఏం చేస్తాయి? సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చి ఆ కణాల సందడిని నమోదు చేశారు. 2003లో వెలువడిన జవాబు విడ్డూరంగానే అనిపిస్తుంది. సొంత గొంతు మోగుతున్నంతసేపూ అక్కడి కణాల్లో అత్యధికం సద్దుమణిగిపోయాయి. వేరే కోతి కేకకు చురుగ్గా స్పందించే కణాలు కూడా తన కేక దగ్గరికి వచ్చేసరికి మౌనం పాటించాయి.

అసలు విశేషం ఆ మౌనం మొదలైన సమయంలో ఉంది. కేక వెలువడడానికి సెకనులో కొన్ని పదో వంతుల ముందే కణాలు నెమ్మదించడం మొదలైంది. అప్పటికి శబ్దం ఇంకా పుట్టనే లేదు. కాబట్టి ఆ కబురు చెవి మోసుకొచ్చింది కాదు. గొంతును కదిలించే ఆదేశం ఎక్కడ తయారైందో అక్కడి నుంచే 'రాబోయేది మన కేకే' అన్న ముందస్తు సమాచారం వినే భాగానికి చేరి ఉండాలి. ఇలాంటిదేదో జరుగుతోందన్న ఆచూకీ 1981లోనే జర్మనీలోని మ్యూనిక్‌లో దొరికింది. అక్కడ మ్యులర్-ప్రాయిస్, ప్లూగ్ అనే శాస్త్రవేత్తలు స్క్విరల్ కోతుల మెదడుకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి అరిపించారు. స్పీకరులోంచి వచ్చే కూతకు స్పందించిన కణాల్లో సగానికి పైగా సొంత కూతను పట్టించుకోలేదు. బాల్టిమోర్ ప్రయోగం గొప్పతనమంతా కోతి తనంతట తాను, తనకు బుద్ధి పుట్టినప్పుడు పెట్టిన కేకలను పట్టుకోవడంలో ఉంది.

అయితే సొంత గొంతు విషయంలో మెదడు చెవుడు తెచ్చుకుంటోందా? 2008లో 'నేచర్' పత్రికలో వచ్చిన తర్వాతి ప్రయోగం ఆ సందేహం తీర్చింది. ఈసారి కోతి కేకను అప్పటికప్పుడే కొద్దిగా శ్రుతి మార్చి దాని చెవిలోకే వినిపించారు. మౌనం వహించిన కణాలు ఉలిక్కిపడ్డట్టు పనిలోకి దిగాయి. తాను పెట్టిన కేక ఎలా వినిపించాలో మెదడుకు ముందే ఒక అంచనా ఉంది. వచ్చిన శబ్దం ఆ అంచనాకు తగ్గట్టే ఉంటే చెప్పుకోవలసిందేమీ లేదు, కణాలు ఊరుకుంటాయి. తేడా వస్తే మాత్రం వెంటనే పసిగడతాయి. కచేరీలో తంబూరా శ్రుతిలో ఉన్నంతసేపు ఎవరికీ గుర్తుకురాదు, తీగ కాస్త సడలితే అందరి చూపూ అటే.

ఆ పసిగట్టడం ఉత్తి గమనింపుతో ఆగిపోదు. 2018లో ఎలియాడెస్, జోజి సునాడా ప్రచురించిన మరో పరిశీలనలో కోతి కేక మధ్యలో ఉండగా వినే మెదడు భాగానికి స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇస్తే కేక శ్రుతి ఆ క్షణంలోనే మారింది. గొంతు నుంచి చెవికి, చెవి నుంచి గొంతుకు ఒక వలయం ఉందన్నమాట. మనుషుల్లో దీన్ని చూడడానికి ఎలక్ట్రోడ్లేవీ అక్కర్లేదు. ఫోన్లో మాట్లాడుతుండగా సొంత గొంతు ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి వినిపిస్తే ఎంత వాచాలుడైనా తడబడతాడు. బెర్నార్డ్ లీ 1950లోనే ఈ సంగతి రాశారు.

పాఠ్యపుస్తకాల్లోని వినికిడి మాత్రం ఇప్పటికీ వన్‌వే రోడ్డే. గాలిలోని కంపనం కర్ణభేరిని తాకుతుంది. మూడు బుల్లి ఎముకలు దాన్ని నత్తగుల్లలాంటి కాక్లియాకు అందిస్తాయి. అక్కడి రోమ కణాలు కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. శ్రవణ నాడి ద్వారా మెదడు కాండానికి, అక్కణ్నుంచి మధ్య మెదడుకు, థాలమస్‌కు, చివరికి చెవికి కాస్త పైన ఉండే శ్రవణ కార్టెక్స్‌కు చేరుతుంది. బొమ్మలో బాణం గుర్తులన్నీ పైకే ఉంటాయి. వాస్తవంలో ఈ మజిలీల్లో దాదాపు ప్రతిచోటా కిందికి దిగే నాడీతంతువులు కూడా ఉన్నాయి. థాలమస్, కార్టెక్స్ మధ్యనైతే పైకి వెళ్లే వాటికంటే కిందికి వచ్చేవే చాలా ఎక్కువ. కింది నుంచి వచ్చే వార్తల కంటే పై నుంచి వెళ్లే ఆదేశాలే ఎక్కువన్నమాట. ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

ఆదేశాలు చెవి దాకా చేరతాయని 1946లోనే తేలింది. మెదడు కాండం నుంచి బయలుదేరి నేరుగా కాక్లియాలోకి దిగే నాడుల కట్టను ఆ ఏడాది గ్రాంట్ రాస్ముసెన్ వర్ణించారు. పదేళ్ల తర్వాత రాబర్ట్ గలంబోస్ ఆ కట్టను విద్యుత్తుతో ప్రేరేపిస్తే, చెవిలో టిక్కుమనే శబ్దం చేసినా శ్రవణ నాడిలో స్పందన అణగిపోతుందని చూపించారు. మెదడు చెవి గొంతు నొక్కగలదని రుజువైంది. ఎలా? మనిషి కాక్లియాలో లోపలి వరుసలో దాదాపు 3,500, బయటి వరుసల్లో దాదాపు 12,000 రోమ కణాలుంటాయి. విచిత్రమేమిటంటే మెదడుకు వార్త మోసే తంతువుల్లో 95 శాతం మైనారిటీ అయిన లోపలి కణాలవే. బయటి కణాల పని వేరు. అవి సాగుతూ కుంచించుకుంటూ కంపనాన్ని పెంచుతాయి. ఒక రకంగా చెవిలోని ఆంప్లిఫయర్ అవే. కిందికి దిగే నాడులు ఆనేది ప్రధానంగా వాటి మీదే. సభలో మైకు సెట్టు దగ్గర కూర్చున్న కుర్రాడు గోల పెరిగితే వాల్యూం తగ్గించినట్టు మెదడు వాటిని సర్దుతుంటుంది. ఈ ఆంప్లిఫయర్ నడిచేటప్పుడు చెవే అతి సన్నని శబ్దం బయటికి పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ కనుగొన్నారు. నేడు ఆస్పత్రుల్లో పసికందుల వినికిడిని పరీక్షించే ఒక పద్ధతికి అదే ఆధారం. ఒక చెవిలో రొద వినిపిస్తే రెండో చెవి పంపే ఈ శబ్దం తగ్గుతుంది. రెండు చెవులకూ మధ్య ఆ రాయబారం నడిపేది ఆ తిరుగు దారే.

పెళ్లి భోజనాల దగ్గర దీని విలువ తెలుస్తుంది. ఒకపక్క బ్యాండు మేళం, మరోపక్క వడ్డనల హడావుడి, పది మంది పది రకాల కబుర్లు. అయినా ఎదుటివారి మాట అందుతుంది. ఎవరో దూరంగా మన పేరెత్తితే అదీ అందుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ 1953లో ఈ సమస్యకు కాక్‌టెయిల్ పార్టీ పేరు పెట్టారు. తెలుగులో అక్కర్లేని మాటను పెడచెవిన పెట్టడం అంటారు. మెదడు అచ్చంగా ఆ పనే చేస్తోందని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నిమా మెస్గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ చూపారు. మూర్ఛ వ్యాధికి శస్త్రచికిత్స కోసం మెదడుపై ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు ఒకేసారి ఇద్దరి గొంతులు వినిపించి, ఒకరినే శ్రద్ధగా వినమన్నారు. చెవుల్లో పడింది రెండు గొంతుల కలగాపులగం. కార్టెక్స్‌లో కనిపించింది మాత్రం దాదాపుగా ఆ ఒక్కరి మాటే, రెండో మనిషి అక్కడ లేనే లేనట్టు.

ఇంతకీ ఒక సంకేతం కింది నుంచి వచ్చిందా, పై నుంచి దిగిందా అన్నది చెప్పేదెలా? రెండూ ఒకే రకమైన విద్యుత్ చిటపటలే కదా. ఇక్కడ మకాక్ కోతులు అక్కరకొచ్చాయి. కార్టెక్స్ మందం రెండు మూడు మిల్లీమీటర్లే అయినా అందులో ఆరు పొరలున్నాయి. ఆరంతస్తుల భవనం అనుకుంటే, థాలమస్ నుంచి వచ్చే కొత్త వార్త ప్రధానంగా నాలుగో పొరలో దిగుతుంది. ఉన్నత భాగాల నుంచి తిరిగొచ్చే సంకేతాలు నాలుగో పొరను తప్పించి, పైపొరల్లోనూ అట్టడుగునా దిగుతాయి. కాబట్టి అన్ని పొరలనూ ఒకేసారి తాకే ఎలక్ట్రోడ్ దించి, లిఫ్టు మొదట ఏ అంతస్తులో ఆగిందో చూస్తే వచ్చినవాడు ఎటు నుంచి వచ్చాడో తెలిసిపోతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని నేథన్ క్లైన్ సంస్థలో చార్ల్స్ ష్రోడర్ బృందం ఈ పద్ధతితో 2001, 2002లలో ఒక వింత బయటపెట్టింది. శ్రవణ కార్టెక్స్‌కు వెనుక వైపున్న ఒక భాగానికి శబ్దంతో పాటు స్పర్శ, దృశ్య సమాచారం కూడా అందుతోంది. శబ్దం, స్పర్శ నాలుగో పొర నుంచే దిగుతున్నాయి. దృశ్యం మాత్రం పై అధికారి చిట్టీలా తిరుగు దారిన వస్తోంది. 2007లో పీటర్ లకటోష్, ష్రోడర్ మరో అడుగు వేశారు. ప్రాథమిక శ్రవణ కార్టెక్స్‌లో చేతి స్పర్శ కణాలను నేరుగా మోగించడం లేదు. వాటి ఉద్రిక్తత లయబద్ధంగా ఎక్కి దిగే సమయాన్ని సర్దుతోంది. ఉయ్యాల ముందుకు వెళ్లేటప్పుడు తోస్తే ఊపు పెరుగుతుంది, ఎదురొచ్చేటప్పుడు తోస్తే ఆగిపోతుంది. అలాగే స్పర్శ సర్దిన లయకు సరైన అదనులో వచ్చిన శబ్దం బలపడుతోంది, అదను తప్పి వచ్చింది నీరసిస్తోంది.

ముఖం చూసి మాట వినడం వెనుక ఉన్నదీ ఇలాంటి సర్దుబాటే. పెదవులు ఒక అక్షరం పలుకుతున్నట్టు చూపించి మరో అక్షరం వినిపిస్తే మనిషి మూడో అక్షరం వింటాడని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ చూపించారు. 2005లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆసిఫ్ గజన్‌ఫర్ బృందం రీసస్ కోతుల శ్రవణ కార్టెక్స్‌లో తోటి కోతి గొంతుకు వచ్చే స్పందన, ఆ కోతి ముఖం కూడా తెరపై కదులుతుంటే మారిపోవడం గమనించింది. ముఖ కవళికలను చదివే పై భాగం వినే భాగంతో చేతులు కలుపుతోందని ఆ బృందం తర్వాతి పరిశీలన సూచించింది.

దృశ్యం ప్రభావం కార్టెక్స్‌తో ఆగడం లేదు. కన్ను ఎటు చూస్తోందన్న సమాచారం మధ్య మెదడులోని శబ్ద కేంద్రాన్నే ప్రభావితం చేస్తోందని 2001లో జెనిఫర్ గ్రో బృందం కోతుల్లో కనుగొంది. 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆమె బృందమే ఇంకా కిందికి దిగింది. మనుషులు, రీసస్ కోతుల చెవి రంధ్రంలో చిన్న మైకు పెట్టి చూస్తే, గదిలో ఏ చప్పుడూ లేకపోయినా కన్ను కదిలినప్పుడల్లా కర్ణభేరి కదులుతోంది. అదీ కన్ను కదలడానికి సెకనులో వందో వంతు ముందు నుంచే. కంటికి వెళ్లిన ఆదేశం నకలు చెవికీ అందుతోందన్నమాట. కాలం చెల్లినట్టు కనిపించిన కర్ణభేరి శాస్త్రంలో ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ దాగి ఉండడం ముచ్చటే.

ఇక్కడొక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పుకోవాలి. ఈ జ్ఞానంలో చాలా భాగం కోతుల పుర్రెలో ఎలక్ట్రోడ్లు దించితే వచ్చిందే. ఉత్తరాది గుళ్ల దగ్గర ప్రసాదం లాక్కునే ఎర్రమూతి కోతే రీసస్. 1950లలో పోలియో టీకా కోసం, ఆ తర్వాత అనేక ప్రయోగాల కోసం ఇండియా నుంచి అవి పెద్ద ఎత్తున అమెరికా వెళ్లాయి. సైనిక అవసరాల రేడియేషన్ పరీక్షలకు వాడుతున్నారన్న ఆరోపణల నేపథ్యంలో 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఎలుకలతో సరిపెట్టుకోవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. చాలామంది ఆ పనే చేస్తున్నారు కూడా. కానీ శ్రవణ కార్టెక్స్ అమరికలోనూ, ముఖం చూస్తూ గొంతు వినడంలోనూ మనిషికి దగ్గరగా ఉన్నవి కోతులే. మెదడుపై ఎలక్ట్రోడ్లు ఉన్న మూర్ఛ రోగులు కొంతవరకు ప్రత్యామ్నాయం. వారి విషయంలో ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టాలన్నది వ్యాధి నిర్ణయిస్తుంది, శాస్త్రవేత్త కాదు. పొరపొరకూ దిగి చూసే అవకాశమూ అరుదు.

రెండు రకాల పరిశోధనలూ ఒకే చోట కలిసిన సందర్భం ఒకటుంది. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యంలో ఒక ధ్వనిని చెరిపేసి ఆ స్థానంలో దగ్గు అతికించి వినిపించారు. విన్నవారికి లోపం తెలియలేదు. చెరిపేసిన ధ్వని వినిపించిందనే అన్నారు. ఇది మనిషి భాషా చాతుర్యం అనుకోవడానికి లేదు. మధ్యలో తెగిన స్వరాన్ని రొదతో కప్పితే మకాక్‌లు కూడా స్వరం తెగలేదనే భ్రమపడతాయని 2003లోనూ, వాటి ప్రాథమిక శ్రవణ కార్టెక్స్ కణాలే ఆ భ్రమను చూపుతున్నాయని 2007లోనూ క్రిస్ పెట్కోవ్, మిచ్ సటర్ తదితరులు వెల్లడించారు. ఖాళీ పూరించమని చెప్పేదెవరు? మనుషుల విషయంలో 2016లో మాథ్యూ లెనార్డ్, చాంగ్ బృందం కొంత జవాబిచ్చింది. చెరిగిన ధ్వని స్థానంలో వినేవారు ఏ మాట వినబోతున్నారో మెదడు ముందుభాగంలోని చురుకుదనాన్ని బట్టి ముందుగానే ఊహించగలిగారు. ఆ తర్వాతే శ్రవణ కార్టెక్స్ లేని ధ్వనిని ఉన్నట్టు చిత్రించింది.

లేని ధ్వనిని వినిపించగల యంత్రాంగం మనలోనే ఉందన్నమాట. అది అదుపు తప్పితే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రతి 300 మందిలో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంది. వారిలో ఎక్కువమందిని వేధించే లక్షణం ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం. ఆ గొంతులు తిడతాయి, వ్యాఖ్యానిస్తాయి, కొన్నిసార్లు ఆదేశిస్తాయి. మన ఊళ్లలో దీనికి గాలి సోకిందనీ, చేతబడి అనీ పేర్లున్నాయి. కుటుంబాలు ఆస్పత్రికి రావడానికి ముందు తిరగని చోటు ఉండదు. 1978లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక ఊహ ప్రతిపాదించారు. ఆలోచన కూడా ఒక చర్యే. మాట్లాడే ముందు 'ఇది నాదే' అన్న కబురు వెళ్లినట్టు, మనసులో అనుకునే మాటకూ అలాంటి కబురు వెళ్తుండాలి. అది అందకపోతే సొంత ఆలోచనే బయటి నుంచి వచ్చిన గొంతులా తోచవచ్చు.

అప్పటికి అది ఊహే. 2001లో జుడిత్ ఫోర్డ్, డేనియల్ మాథలన్ తదితరులు తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో దాన్ని పరీక్షకు పెట్టారు. ఆరోగ్యవంతులు మాట్లాడుతున్నప్పుడు తమ గొంతుకు మెదడు స్పందన తక్కువగా ఉంది. అదే గొంతును రికార్డు చేసి వినిపిస్తే స్పందన పెరిగింది. స్కిజోఫ్రెనియా రోగుల్లో ఈ తేడా సరిగా కనిపించలేదు. వారి మెదడు సొంత గొంతును సొంతదిగా తగ్గించడంలో విఫలమవుతోంది. బాల్టిమోర్‌లో మార్మోసెట్ కణాలు కేకకు ముందే మౌనం వహించడాన్ని చూసినవారికి ఈ రెండు ఫలితాలు ఒకే బొమ్మలోని రెండు ముక్కల్లా కనిపించాయి. తల బయటి నుంచి మసగ్గా తెలిసే దాన్ని కోతి మెదడులో ఒక్కో కణం దగ్గరా చూడవచ్చు. అయితే వినిపించే మాటలన్నిటికీ ఇదొక్కటే కారణమని తీర్మానించడం తొందరపాటు. కొందరికి మాటలు కాక సంగీతం, చప్పుళ్లు వినిపిస్తాయి. వాటిని సొంత ఆలోచన ఖాతాలో వేయడం కష్టం.

చికిత్స ప్రయత్నాలు మొదలయ్యాయి. 2012లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జెరోమ్ బ్రునెలాన్ బృందం మందులకు లొంగని గొంతులతో బాధపడుతున్న 30 మందిపై, తలకు పై నుంచే స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతి పరీక్షించింది. నుదుటి భాగానికి ఒక ఎలక్ట్రోడ్, ఎడమ చెవికి పైభాగాన మరొకటి. అసలు చికిత్స అందినవారిలో గొంతుల బాధ గణనీయంగా తగ్గింది. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు ఈ పద్ధతిని ముందుగా అందిపుచ్చుకున్నవారిలో ఉన్నారు. 2014లో వారు ప్రచురించిన ఒక ప్రాథమిక పరిశీలన నేరుగా అసలు ప్రశ్నకే గురిపెట్టింది. చికిత్స తర్వాత రోగి సొంత గొంతుకు మెదడు స్పందన తగ్గే గుణం మెరుగైందా? మెరుగైన సూచనలు కనిపించాయన్నది వారి జవాబు. రోగుల సంఖ్య చాలా తక్కువ కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోవాలి. ఆ తర్వాత వేర్వేరు దేశాల్లో జరిగిన పరీక్షల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్నిచోట్ల ఉత్తుత్తి చికిత్సకూ దీనికీ తేడా రాలేదు. మందులు మానేసి దీని వెంట పడదగిన దశ ఇంకా రాలేదు.

చెవిలో జోరీగలా హోరు వినిపించే టినిటస్ విషయంలోనూ ఇలాంటి వాదమే ఉంది. చెవి దెబ్బతిన్నప్పుడు పుట్టే నకిలీ శబ్దాన్ని మామూలుగా మెదడు భావోద్వేగ కేంద్రాలు థాలమస్ దగ్గరే ఆపేస్తాయనీ, ఆ కాపలా బలహీనపడితేనే హోరు నిలిచిపోతుందనీ 2010లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ రావుషెకర్ తదితరులు ప్రతిపాదించారు. అది ఇంకా వివాదంలోనే ఉంది.

తిరుగు దారి లేకపోతే ఏం నష్టమన్నది నేరుగా చూపిన ప్రయోగం మాత్రం కోతుల్లో కాదు, ముంగిసను పోలిన ఫెరెట్ అనే జంతువులో జరిగింది. ఒక చెవి మూసేస్తే శబ్దం ఎటు నుంచి వస్తోందో ఫెరెట్ మొదట పోల్చుకోలేదు. కొద్దిరోజుల సాధనతో మళ్లీ నేర్చుకుంటుంది. కార్టెక్స్ నుంచి మధ్య మెదడుకు దిగే తంతువులను తొలగిస్తే ఆ నేర్చుకోవడం కుదరలేదని 2010లో ఆక్స్‌ఫర్డ్‌లో విక్టోరియా బాహో, ఆండ్రూ కింగ్ బృందం నిరూపించింది. మామూలుగా వినడానికి ఆ దారి తప్పనిసరి కాదు. మారిన చెవికి తగ్గట్టు మెదడు మారాలంటే మాత్రం అది ఉండాల్సిందే.

మారిన చెవితో బతకడం మన దగ్గర వేలాది కుటుంబాల సమస్య. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో చేర్చడంతో అంతవరకు లక్షల రూపాయలు పోయలేని ఇళ్లకు కూడా అది అందింది. ఆపరేషన్ అయిన రోజే పిల్లవాడు మాటలు వింటాడని ఆశపడిన తల్లిదండ్రులకు ఆ తర్వాత నెలలు, ఏళ్ల తరబడి సాగే శబ్ద శిక్షణ సంగతి ఆలస్యంగా తెలిసేది. యంత్రం అందించేది కేవలం పైకి వెళ్లే సంకేతం. ఏది అమ్మ పిలుపు, ఏది కుక్కర్ కూత, దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నది మెదడు దిద్దుకుంటూ నేర్చుకోవాలి. చిన్న వయసులో అమర్చితేనే ఫలితం మెరుగ్గా ఉండడానికి కారణం ఆ నేర్పుకు మెదడు అప్పుడు అనువుగా ఉండడమే.

ఇంప్లాంట్‌కు మరో లోటుంది. 3,500 లోపలి రోమ కణాల పనిని అది గరిష్ఠంగా ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లతో నెట్టుకొస్తుంది. బయటి కణాలను పూర్తిగా దాటేస్తుంది. మెదడు నుంచి కాక్లియాకు దిగే ఆదేశాలకు అక్కడ అందుకునేవారే లేరు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చక్కగా వినే ఇంప్లాంట్ వినియోగదారు పెళ్లి పందిట్లో ఇబ్బంది పడడానికి ఇదొక కారణం. స్పెయిన్‌లోని సాలమాంకా విశ్వవిద్యాలయంలో ఎన్రికె లోపెజ్-పోవెదా బృందం 2016లో దీనికొక ఉపాయం ప్రచురించింది. రెండు చెవులకూ ఇంప్లాంట్ ఉన్నవారిలో ఒక వైపు యంత్రంలో శబ్దం బలంగా ఉంటే అది రెండో వైపు యంత్రాన్ని కాస్త తగ్గించేలా ప్రోగ్రాం రాశారు. రాస్ముసెన్ వర్ణించిన నాడులు సహజంగా చేసే పనికి ఇది అనుకరణ. రొద ఒక వైపు, మాట మరో వైపు ఉన్నప్పుడు పరీక్షలో పాల్గొన్నవారికి మాట మునుపటి కంటే తేటగా అందింది.